రొమాంటిక్ కవులు ఆగిరిపల్లిలో దిగిన సంగతి

తిరువూరు నుంచి గుంటూరు వెళ్ళదలచినవారు ఉదయం ఆరు గంటల ఎర్ర బస్సు ఎక్కడం మంచిది. ఎ.కొండూరు, మైలవరం, కొండపల్లి, ఇబ్రహీంపట్నం మీదుగా బెజవాడ చేరుస్తుంది. మైలవరంలో టీ కోసం పది నిమిషాలు ఆగుతుంది. బెజవాడలో మీటరు గేజి బండెక్కి కృష్ణ దాటితే, టైర్లూ ఇంజనూ సహకరించిన పక్షంలో, భోజనం వేళ కాస్త దాటేసరికి గుంటూరులో ఉంటారు. ఈ దారి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. ఎందుకంటే ఇంగ్లీషు సాహిత్యం మొత్తాన్ని ఈ దారి పొడుగునా కాపురం పెట్టించినవాణ్ణి నేనే.

అదెలా జరిగిందో చెప్పకపోతే నా ప్రయాణం మీకు అర్థం కాదు. నేను ఎ.కొండూరు హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టర్ని. మా తిరువూరులో ముందు ముందు జూనియర్ కాలేజీ పెడతారనీ, ఇంగ్లీషు లెక్చరరు కావాలనీ తెలిసినప్పుడు నాకు ముప్ఫై అయిదు దాటాయి. ఆ ఉద్యోగానికి ఎమ్మే కావాలి. కాలేజీకి వెళ్ళి కుర్రాళ్ళ పక్కన కూర్చునే వయసు కాదు గనక ప్రైవేటుగా కట్టాను. సిలబస్సులో ఉన్నది ఒకే ఒక్క ముక్క: బ్రిటిషు, అమెరికన్ సాహిత్యాల్లో ముఖ్య రచయితలు, ఉద్యమాలు. ఆ ముక్క వెనకాల ఎన్నో వందల ఏళ్ళ జనం నిలబడి ఉన్నారని పుస్తకాలు తెప్పించుకున్నాక తెలిసింది. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను. అయిదేళ్ళు నన్ను నిద్రపోనివ్వని మనుషులకి నా చేత్తో ప్రచారం చెయ్యడం నాకిష్టం లేదు.

రాతపరీక్షలు రెండో దెబ్బకి గట్టెక్కాను. చిక్కంతా మౌఖిక పరీక్షతో వచ్చింది. ఎదురుగా ఇద్దరు కూర్చుని ప్రశ్న అడిగితే నాకు శతాబ్దాలు కలిసిపోతాయి. మొదటిసారి పదిహేడో శతాబ్దం కవిని పంతొమ్మిదిలోకి తోసి, ఆ తర్వాత నోరు పెగలక దణ్ణం పెట్టి లేచి వచ్చేశాను. అప్పుడు మా ఆవిడ కరుణ ఒక ఉపాయం చెప్పింది. ఆమె ఎస్సెల్సీతో చదువు ఆపింది గాని, మా పేటలో సండే స్కూలు నడుపుతుంది. పిల్లల చేత బైబిలు వాక్యాలు వరస తప్పకుండా చెప్పించడానికి మా వీధిలో ఇళ్ళను వాడుకుంటుంది. మొదటి వాక్యం డ్రిల్లు మాస్టారి గుమ్మంలో ఉంటుంది, రెండోది కుళాయి దగ్గర, మూడోది మేకల దొడ్డి దగ్గర. పిల్లలు మనసులో వీధి వెంట నడుచుకుంటూ అప్పజెప్పేస్తారు. నేను ఎ.కొండూరు రాకముందు ఇబ్రహీంపట్నంలో ఎనిమిదేళ్ళు పనిచేశాను, వారం వారం ఈ బస్సులోనే తిరిగాను. మీకు ఇళ్ళు కాదు, ఊళ్ళు కావాలి, స్టాపుకొకళ్ళని దించండి, అని ఆమె సలహా.

అలా దించాం. పాత ఇంగ్లీషువాళ్ళు తిరువూరు బస్టాండులో, చీకట్లో చలికి ముడుచుకుని ఉంటారు. నాటకాలవాళ్ళు ఎ.కొండూరులో. తర్కం ఎక్కువైన మెటాఫిజికల్ కవులు చీమలపాడులో. పది నిమిషాల స్టాపు కాబట్టి మైలవరాన్ని రొమాంటిక్ ఉద్యమానికి ఇచ్చాం, వాళ్ళలో పరీక్షకి వచ్చేవాళ్ళే అరడజను మంది ఉన్నారు మరి. విక్టోరియా రాణి కాలం నవలలు లావుపాటివి, అవి కొండపల్లిలో. ఆధునికులకి ఇబ్రహీంపట్నం, అక్కడ ఎటు చూసినా తవ్విన మట్టి, ఇనుము, దుమ్ము. కృష్ణానది అట్లాంటిక్ మహాసముద్రం. దాటితే అమెరికా. మంగళగిరి కొండ మీద అడవుల్లో ఆత్మని వెతికే ట్రాన్సెండెంటలిస్టులు, నంబూరులో ఉన్నదున్నట్టు రాసే రియలిస్టులు, గుంటూరు ప్లాట్‌ఫారం మీద ఇరవయ్యో శతాబ్దం.

ఈ ఏర్పాటుతో రెండోసారి మౌఖికానికి బయలుదేరాను. అన్నీ అద్భుతంగా గుర్తున్నాయి. కొండపల్లిలో గుండె దడ మొదలైంది. గాలి కోసం బస్సు దిగాను, బస్సు వెళ్ళిపోయింది. వెళ్ళనిచ్చాను అనడం నిజానికి దగ్గర. సాయంత్రం ఒక కొయ్య ఏనుగు అంబారీ కొనుక్కుని ఇంటికి చేరాను. ఆ బొమ్మ మా ముందు గదిలో గూట్లో ఉంది. వచ్చినవాళ్ళు ఎంత బాగుందో అంటారు, కరుణ నావైపు చూస్తుంది.

ఇది మూడోసారి, ఆఖరుసారి. ఇంక అవకాశం ఇవ్వరని యూనివర్సిటీవాళ్ళు కాగితం పంపారు. కాలేజీ సెక్రటరీగారు దసరా వరకు పోస్టు ఆపుతానన్నారు. కొండపల్లిలో దిగకుండా చూడ్డానికి కరుణ నా వెంట బయలుదేరింది. పెళ్ళయిన పధ్నాలుగేళ్ళలో ఆమె బెజవాడ దాటడం ఇదే మొదలు.

మంగళవారం తెల్లవారుజామున ముసురు పట్టి ఉంది. అయిదూ నలభైకి బస్టాండు చేరాం. మా సామాను ఒక చేతి సంచి, పుస్తకాల సంచి, గొడుగు, నాలుగు గిన్నెల క్యారేజి. క్యారేజిలో పులిహోర, పెరుగన్నం, గోంగూర పచ్చడి, చివరి గిన్నెలో అరిసెలు. బస్సులో సగం మంది తెలిసినవాళ్ళే. ముందు సీట్లో రైసుమిల్లు శేషయ్యగారున్నారు. సాధన కోసం నేనెక్కే బెజవాడ బస్సుల్లో నా వల్లెవేతలు విని విని విసిగిపోయిన మనిషి ఆయన. నా నోటి వెంట వచ్చే దొరల పేర్లు ఆయనకీ కొన్ని వచ్చు. కండక్టరు వెంకటేశ్వర్లు అంతకంటే ముదిరాడు. మైలవరం రాగానే రొమాంటిక్ వాళ్ళు దిగాలండీ అని కేకేసి నవ్వించడం అతనికి అలవాటు. ఆ రోజు మాత్రం మర్యాదగా మా ఆవిడకి కిటికీ పక్క సీటు చూపించి, టిక్కెట్లు కొట్టి, ఈసారి కొండపల్లిలో మాస్టారికి తలుపు తియ్యనని హామీ ఇచ్చాడు.

ఆరూ అయిదుకి కదిలాం. నేను కళ్ళు మూసుకుని పాత ఇంగ్లీషు మొదలుపెట్టాను. ఆరూ నలభైకి ఎ.కొండూరు వచ్చింది. నాటకాలవాళ్ళని హాయిగా పూర్తిచేసి, చీమలపాడు కోసం గొంతు సవరించుకుంటున్నాను. అంతలో ఎదురుగా వచ్చిన లారీ డ్రైవరు బస్సాపి, మైలవరం ఇవతల చప్టా మీద వాగు నిలువెత్తున పారుతోందనీ, ఈ పూటకి దారి లేదనీ చెప్పాడు. మా డ్రైవరు దిగి, బీడీ కాల్చి, ఆకాశం చూసి, విస్సన్నపేట, నూజివీడు మీదుగా పోదామని తేల్చాడు. బస్సు వెనక్కి తిరిగింది.

బస్సు ముందుకి పోతే సాహిత్యం ముందుకి పోవడం నాకు అలవాటు. వెనక్కి తిరిగేసరికి నాటకాలవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి నడిచి తిరువూరువాళ్ళ మీద పడడం మొదలుపెట్టారు. విస్సన్నపేట అడ్డదారి పట్టేసరికి ఎవరు ఎవరో తెలియకుండా పోయింది. చీమలపాడు పోయింది, మైలవరం పోయింది, కొండపల్లి, ఇబ్రహీంపట్నం పోయాయి. నాలుగు వందల ఏళ్ళు వాగుకి అవతల ఉండిపోయాయి. రేపు పదిన్నరకి పరీక్ష.

శేషయ్యగారు వెనక్కి తిరిగి నా మొహం చూసి, మంచినీళ్ళు కావాలా అని అడిగారు. తర్వాత మా ఆవిడతో, “మైలవరం వాళ్ళంతా అక్కడే ఉంటార్లే అమ్మాయ్. వాగు తీస్తే వాళ్ళే వస్తారు. దానికి మాస్టారు ఇంత బెంగ పెట్టుకుంటే ఎట్టా?” అన్నారు.

విస్సన్నపేట ఏడుంపావుకి వచ్చింది. అక్కడ నాకు తెలిసిన రచయిత ఒక్కరూ లేరు. ఎనిమిదిన్నరకి నూజివీడు. బస్సు ఇరవై నిమిషాలు ఆగింది. బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ మెత్తగా, వేడిగా ఉంటుంది. సాంబారు అడగవద్దు, అల్లం పచ్చడి అడగండి. కరుణ నాలుగు ఇడ్లీలు తిన్నది. నేను ఒకటి తిని, రెండోదాన్ని చూస్తూ కూర్చున్నాను. అద్దె ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వస్తే వేరే ఇంట్లో దిగమా, ఇక్కడా ఊళ్ళున్నాయి కదా, వీళ్ళని ఇక్కడే దించేద్దాం, అని ఆమె ధైర్యం చెప్పింది. అలా వల్లకాదన్నాను. ఎనిమిదేళ్ళు తిరిగిన దారి ఒక రోజులో మారదని కసిరాను. ఆమె నా ఇడ్లీ కూడా తినేసింది.

పది దాటాక ఆగిరిపల్లి దగ్గర బస్సు మళ్ళీ ఆగింది. ముందొక లారీ రోడ్డు దిగి బురదలో కూరుకుంది, దాన్ని లాగితే గాని దారి లేదు. మగవాళ్ళంతా గొడుగులేసుకుని దిగి, లాగేవాళ్ళకి సలహాలివ్వడానికి వెళ్ళారు. నేను దిగలేదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని రొమాంటిక్ ఉద్యమం అయిదు లక్షణాలు చదువుతున్నాను. కరుణ కిటికీ రెక్క ఎత్తి బయటికి చూస్తోంది. ఎదురుగా కొండ, కొండ మీద వాన. సగం కొండ కనబడుతోంది, సగం మబ్బులో ఉంది. బస్సు రేకు మీద చినుకుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

అయిదేళ్ళుగా ఈ పేర్లు వింటున్నాను గాని, అసలు ఈ మైలవరం వాళ్ళ గొడవేంటి అని ఆమె అడిగింది. నేను అప్పజెప్పాను: ప్రకృతి పట్ల ఆరాధన, వ్యక్తి అనుభూతికి ప్రాధాన్యం, ఊహాశక్తికి పెద్దపీట, పాత నియమాల మీద తిరుగుబాటు, ఏకాంతప్రియత్వం. అంటే ఏంటండీ అని మళ్ళీ అడిగింది. అంటే అదే, అన్నాను. అంతకు మించి నాకు తెలియదన్న సంగతి నాకే అప్పుడు తెలిసింది.

ఆమె కొండ వైపే చూస్తూ, నా వైపు తిరక్కుండా మాట్లాడింది.

“నాకూ ఒక్కోసారి అలాగే ఉంటుందండి. పనంతా అయ్యి, అందరూ తిన్నాక, దొడ్లోకెళ్ళి ఊరికే నిలబడాలనిపిస్తుంది. వానొస్తుంటే మరీను. ఎవరన్నా చూస్తే ఏమైంది నీకు అంటారని, ఆరేసిన బట్టలు తీసుకొస్తానని వంక పెట్టి వెళ్తాను. ఒక్కోసారి తీగ మీద బట్టలే ఉండవు.”

నేను పుస్తకం మూశాను.

“వాళ్ళకి బట్టల వంక అక్కర్లేకపోయింది. అంతేగా తేడా?” అని, కిటికీ రెక్క దించేసింది.

పధ్నాలుగేళ్ళలో వాన పడ్డప్పుడల్లా, బట్టలు తడిసిపోతున్నాయి, వెళ్ళు వెళ్ళు అని నేనే తొందరపెట్టిన సంగతి గుర్తొచ్చింది. ఆమె చేతికి అందేట్టు చెయ్యి చాపాను గాని, లారీ లాగినవాళ్ళు విజయగర్వంతో బిలబిలా బస్సెక్కేశారు. శేషయ్యగారు పంచె మోకాళ్ళ దాకా బురదతో వచ్చి, తన సలహా వల్లే లారీ కదిలిందని బెజవాడ దాకా చెబుతూనే ఉన్నారు.

బెజవాడ చేరేసరికి పన్నెండుంపావు. స్టేషన్లో మూడో తరగతి వెయిటింగు హాల్లో బెంచీ దొరికింది. క్యారేజి విప్పి పులిహోర తిన్నాం. రెండింటికి రావలసిన గుంటూరు బండి రెండూ నలభైకి వచ్చింది. కృష్ణ నిండా ఎర్రనీళ్ళు. వంతెన మీద బండి నెమ్మదిగా పోతుంటే పెట్టెలో మిగతా ఆడవాళ్ళందరూ కాసులు విసిరి దణ్ణం పెట్టారు. కరుణ నన్ను చూసి, ఇదేనా అట్లాంటిక్ అని అడిగింది. ఇదేనన్నాను. అంత పెద్దదేం కాదే అంది. మంగళగిరిలో అమెరికావాళ్ళు చెక్కుచెదరకుండా దొరికారు, నంబూరులోనూ దొరికారు. అమెరికా మొత్తం సిద్ధంగా ఉంది, బ్రిటనే వాగులో ఉంది.

గుంటూరు స్టేషను దగ్గర లాడ్జీలో గది తీసుకున్నాం. మంచానికి మూడు కాళ్ళూ, నాలుగోదానికి ఇటుకలూ ఉన్నాయి. పక్క వీధి మెస్సులో భోజనం బాగుంటుంది గాని, వేరే జిల్లా నుంచి వచ్చినవారు పచ్చడి జోలికి పోకపోవడం క్షేమం. మేం పోయాం. కరుణకి కళ్ళ నీళ్ళు కారుతుంటే మెస్సు ఆయన ఎంతో ఆనందంగా మజ్జిగ ఇంకో గ్లాసు పోశాడు. తొమ్మిదింటికే పడుకున్నాను. మనసులో బస్సెక్కాను. ఎ.కొండూరు దాటగానే నీళ్ళు కనబడ్డాయి. దిగి పడుకున్నాను.

బుధవారం తొమ్మిదిన్నరకి రిక్షాలో పరీక్ష జరిగే కాలేజీకి వెళ్ళాం. పొడుగాటి వరండాలో బెంచీల మీద పదిహేను మంది కూర్చుని పెదవులు కదుపుతున్నారు. నా వంతు పదకొండుకి వచ్చింది. కరుణ నా చొక్కా కాలరు సరిచేసి, గుమ్మం పక్క బెంచీ మీద క్యారేజి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోపల ఇద్దరున్నారు. పెద్దాయన నెరిసిన జుట్టు మనిషి, పొడుం డబ్బా బల్ల మీద పెట్టుకున్నాడు. రెండో ఆయన చిన్నవాడు, కళ్ళద్దాలు, మార్కుల కాగితం ఆయన దగ్గరుంది. మాటలన్నీ ఇంగ్లీషులో జరిగాయి, నేను తెలుగులో చెబుతున్నాను.

మొదట చిన్నాయన నా ఉద్యోగం, రాబోయే కాలేజీ పోస్టు సంగతి కనుక్కుని, అమెరికా అడిగాడు. మంగళగిరి మీద నిలబడి గడగడా చెప్పాను. నంబూరు కూడా అయింది. ఆయన తల పంకించాడు. నా గుండె కుదుటపడింది. అప్పుడు పెద్దాయన పొడుం పీల్చి, అన్నీ వదిలేసి, రొమాంటిక్ ఉద్యమం అంటే ఏమిటో చెప్పమన్నాడు.

కళ్ళు మూసుకున్నాను. చప్టా, ఎర్రనీళ్ళు. అయిదు లక్షణాల్లో ఒక్కటీ ఒడ్డుకి రాలేదు. చిన్నాయన కలం మూత తీశాడు. గుమ్మం వైపు చూస్తే తలుపు సందులోంచి కరుణ చీర కుచ్చెళ్ళు, క్యారేజి కనబడ్డాయి. కొయ్య ఏనుగు కూడా కనబడింది. దసరా, కాలేజీ, అయిదేళ్ళు అన్నీ ఈ గదిలో ఆగిపోతాయనిపించింది. లేచి దణ్ణం పెడదామనుకున్నాను. లేవబోతుంటే ఆగిరిపల్లి కొండ గుర్తొచ్చింది.

కూర్చున్నాను. నాకొచ్చిన ఇంగ్లీషులో, తడబడుతూనే చెప్పాను. ఇంటి పని అంతా అయ్యాక వాన చూడాలనిపించే మనుషులు ప్రపంచంలో చాలామంది ఉంటారండి. ఊరికే నిలబడి చూస్తే లోకం ఏమంటుందోనని, ఆరేసిన బట్టలు తేవాలని వంక పెట్టుకుని బయటికి వెళ్తారు. తీగ మీద బట్టలు లేకపోయినా వెళ్తారు. ఈ కవులకంటే ముందున్న కవులు కూడా వాన చూశారు గాని, నీతి చెప్పడానికో, రాజుని పొగడడానికో అని ఏదో ఒక వంక పెట్టుకున్నారు. వీళ్ళు ఆ వంక మానేశారు. నాకు చూడాలనుంది, అందుకే చూస్తున్నాను అన్నారు. అలా అనడానికి చాలా ధైర్యం కావాలండి.

పెద్దాయన పొడుం డబ్బా మూత వెయ్యడం మరిచిపోయి నన్ను చూశాడు. మా చదువులో ఒక ఆచారం ఉంది. పరీక్షలో సొంత అభిప్రాయం ఉండకూడదు, ఉంటే దాని పక్కన ఒక విమర్శకుడి పేరు ఉండాలి. నేను నలభై మంది పేర్లు కంఠస్థం చేశాను. పెద్దాయన ఆచారం ప్రకారమే అడిగాడు, ఈ మాట ఏ విమర్శకుడిది అని.

నలభై పేర్లలో ఏదో ఒకటి చెప్పి బయటపడొచ్చు. చెప్పడానికి నోరు రాలేదు. దొరల్లో ఎవరూ మా దొడ్లో తీగ చూడలేదు.

విమర్శకురాలండి, అన్నాను. పేరు చెప్పమన్నాడు. శ్రీమతి కరుణమ్మగారని చెప్పాను. చిన్నాయన కాగితం మీద రాసుకుని, ఈమె ఎక్కడివారు, లండనా అని అడిగాడు.

“తిరువూరండి. ప్రస్తుతం వరండాలో ఉన్నారు,” అన్నాను. ఇది మాత్రం తెలుగులో వచ్చేసింది.

పెద్దాయన లేచి తనే తలుపు తీశాడు. గుమ్మంలో కరుణ క్యారేజితో సహా లేచి నిలబడింది. ఆమె మొహం పాలిపోయి ఉంది.

“ఏం చేశారండీ ఈయన?” అంది.

ఏమీ చెయ్యలేదనీ, మీ మాట చెప్పారనీ ఆయన తెలుగులో అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు పిల్లల్ని కూడా ఆ దారినే తీసుకెళ్ళండి మాస్టారూ. అయిదు లక్షణాలు తర్వాత చెప్పొచ్చు,” అన్నాడు. చిన్నాయన మార్కుల కాగితం మీద ఏదో వేసి, నాకు కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గాని, నవ్వుకి అడ్డం పెట్టుకోలేదు. కాలేజీలో పాఠం అన్నారంటే నేను పాసయ్యానని మెట్లు దిగేటప్పుడు గాని అర్థం కాలేదు. అర్థమయ్యాక చివరి మెట్టు మీద కూర్చుండిపోయాను. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఒంటిగంట బండి దొరికింది. సంగతి అంతా కరుణకి నంబూరు దాటాక చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె చీర కొంగు బిగించి, మంగళగిరి వచ్చేవరకు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తర్వాత, “ఆ మాట నేను మీతో చెప్పాను గాని, యూనివర్సిటీతో కాదు,” అంది.

నేను ఎంతో బతిమాలుకున్నాను. అది లేకపోతే ఈపాటికి కొండపల్లిలో ఇంకో ఏనుగు బేరమాడుతూ ఉండేవాణ్ణని చెప్పాను. ఎదురు సీట్లో కూర్చున్న మిరపకాయల వ్యాపారి మా మాటలు వింటూ, ఏం జరిగిందని అడిగాడు. మా ఆవిడ రహస్యం ఒకటి బయటపెట్టానని చెప్పాను. ఆయన నా వైపు జాలిగా చూసి, వేరే సీటులోకి మారాడు. కృష్ణ మీదికి వచ్చేసరికి కరుణ క్యారేజి చివరి గిన్నెలోంచి అరిసె తీసి నా చేతిలో పెట్టింది. అట్లాంటిక్ మధ్యలో మాకు రాజీ కుదిరింది.

బెజవాడలో మూడూ ఇరవైకి తిరువూరు బస్సు దొరికింది. వెంకటేశ్వర్లే కండక్టరు. వాగు తీసిందనీ, పాత దారినే పోతున్నామనీ చెప్పాడు. మాస్టారు పాసయ్యారని కరుణ చెప్పగానే, బస్సంతా వినబడేట్టు ప్రకటించాడు. బెజవాడ పని చూసుకుని తిరిగొస్తున్న శేషయ్యగారు వెనక సీట్లోంచి, వాగు తీస్తుందని తాను ముందే చెప్పానని గుర్తు చేశారు. ఇబ్రహీంపట్నంలో ఆధునికులు కనబడ్డారు. కొండపల్లిలో నవలలవాళ్ళు కనబడ్డారు. అందరూ పేర్లతో, తేదీలతో, వరస తప్పకుండా వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. ఇంక వాళ్ళతో నాకేం పని లేదు.

అయిదు కావస్తుండగా మైలవరం చేరాం. పది నిమిషాలు ఆపుతున్నానని వెంకటేశ్వర్లు కేకేశాడు. సన్నగా వాన మొదలైంది. మగవాళ్ళు టీ కొట్టు చూరు కిందకి పరిగెత్తారు. నేను దిగి రెండు గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి కరుణ సీట్లో లేదు. గొడుగు సీటు మీదే ఉంది. చూస్తే బస్టాండు చివర, బండ్లు ఆగేచోటు దాటి, ఖాళీ స్థలంలో నిలబడి ఉంది. ఎదురుగా దూరంగా కొండలు, వాటి మీద మబ్బు. కొంగు తల మీద కప్పుకోలేదు. చేతిలో సంచి లేదు, క్యారేజి లేదు, ఏమీ లేదు.

టీ చల్లారిపోయింది. పది నిమిషాలు అయిపోయాయి. డ్రైవరు ఇంజను వేశాడు. వెంకటేశ్వర్లు విజిలు నోట్లో పెట్టుకుని, అటు చూసి, నా దగ్గరికి వచ్చాడు.

“అమ్మగారు ఏవన్నా కొనుక్కోవాలా సార్?”

ఏమీ కొనక్కర్లేదన్నాను. ఎవరికోసమైనా చూస్తున్నారా అని అడిగాడు. ఎవరికోసమూ కాదన్నాను. వెనక సీట్లోంచి శేషయ్యగారు, అమ్మాయికి ఒంట్లో ఎలా ఉంది మాస్టారూ అని కంగారుగా అడిగారు. బస్సులో తలలన్నీ అటు తిరిగాయి. ఏదో ఒక వంక చెబితే అందరూ సర్దుకుంటారు. నోటిదాకా వచ్చింది కూడా.

“బాగానే ఉందండి. వాన చూస్తోంది,” అన్నాను.

వెంకటేశ్వర్లు విజిలు నోట్లోంచి తీసి జేబులో వేసుకున్నాడు. డ్రైవరు ఇంజను ఆపాడు.

ఈ దారిన వెళ్ళేవారికి మైలవరంలో బస్సు పది నిమిషాలు ఆగుతుందని మొదట్లో రాశాను. అడిగితే పన్నెండు ఆగుతుంది.